నెల్లూరులో మన బ్యాండ్ షో: హాలా, ఓపెన్ గ్రౌండా?

ఇష్టమైన బ్యాండ్‌ను నెల్లూరు రప్పించాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

ఖర్చు: పురమందిరం లాంటి హాలుకు అద్దె కడితే పైకప్పు, కుర్చీలు వచ్చేస్తాయి. గ్రౌండ్ చవగ్గా దొరికినా స్టేజీ, జనరేటర్, లైట్లు, కుర్చీలు అన్నీ మనమే తేవాలి.

పర్మిషన్: గ్రౌండ్‌లో మైకు పెట్టాలంటే ముందే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 దాటితే బయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు. ఆరున్నరకల్లా మొదలుపెట్టకపోతే మంచి పాటలే పాడకుండా మిగిలిపోతాయి.

వాన: అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు మన జిల్లాను వదలవు. ఒకసారి షో మధ్యలో వానొస్తే నలుగురం సౌండ్ మిక్సర్ మీద టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలూ పట్టుకుని నిలబడ్డాం. జనం ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

సౌండ్: ఖాళీ హాల్లో డ్రమ్స్ గింగురుమంటాయి, జనం నిండితే సర్దుకుంటుంది. బయట గాలి గొంతును ఎత్తుకుపోతుంది.

మొదటి షో, రెండొందల మంది, వానల కాలం అయితే హాలే తీసుకోండి. బ్యాండ్‌కు ఊళ్లో ఇప్పటికే అభిమానులుండి, స్పాన్సర్ దొరికి, జనవరి, ఫిబ్రవరి తేదీ కుదిరితే గ్రౌండ్‌కు వెళ్లండి. ఎక్కడైనా సరే, బ్యాండ్‌కు చెన్నైలో షో ఉంటే దాని మర్నాటి తేదీ అడగండి. దారి ఖర్చు బాగా తగ్గుతుంది.