గోపాల్‌పూర్‌లో గదులకు 3,880, బరంపురంలో టీకి 10

ఒడిశాలోని గోపాల్‌పూర్ వెళ్లాలనుకునేవాళ్లకు ముందే చెబుతున్నాను. సముద్రం ఒడ్డున గది కావాలని ఫోనులో మాట్లాడుకుని డబ్బు పంపకండి. బరంపురంలోనే బస చేయండి. అక్కడి నుంచి గోపాల్‌పూర్ పదహారు కిలోమీటర్లు, ఆటోలు బోలెడు. ఈ మాట మాకు ఎవరైనా ముందు చెప్పి ఉంటే 3,880 రూపాయలూ ఒక మంచి సాయంత్రమూ మిగిలేవి.

డిసెంబరు రెండో వారంలో నలుగురం విజయనగరంలో పొద్దున్నే రైలెక్కాం. నేను, మా బావ, బ్యాంకులో పనిచేసే మిత్రుడు, వ్యాయామ ఉపాధ్యాయుడైన మా మాస్టారు. మాస్టారిది ఇచ్ఛాపురం, ఒడియా ధారాళంగా వస్తుంది. టికెట్టు తలకు 110. మా ప్రయాణాలకు ఒక కట్టుబాటుంది. ఆటల మీద వాదన మొదలైతే రాత్రి భోజనం అయ్యేదాకా ఎవరూ ఫోను తెరవకూడదు. ఓడినవాడు అందరికీ టీ ఇప్పించాలి.

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో బండి ఆగింది. పేరు శ్రీకాకుళానిదే అయినా స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. "కరణం మల్లీశ్వరి ఊరు" అన్నాను. "సిడ్నీ ఒలింపిక్స్ బరువులెత్తే పోటీలో, 54 కిలోల శరీర బరువు విభాగంలో కంచు పతకం" అని అందుకున్నాడు బావ. మాస్టారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు. "54 కాదు, 69."

ఆ వాదన పలాస దాకా నడిచింది. బావ మాట గాలిలోంచి పుట్టింది కాదు. 1994లో, 1995లో ఆమె ప్రపంచ విజేత అయింది 54 కిలోల విభాగంలోనే. కానీ 2000లో సిడ్నీకి వెళ్లేసరికి పోటీ చేసింది 69లో. మహిళల బరువులెత్తే పోటీని ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టిందీ అప్పుడే. ఒకే ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్‌లో 110, ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. "మరి బంగారం ఎంతకు వచ్చింది?" అని బ్యాంకు మిత్రుడు అడిగాడు. చైనా, హంగేరీ అమ్మాయిలిద్దరూ 242.5 ఎత్తారు, శరీర బరువు తక్కువున్న చైనా అమ్మాయికి బంగారం దక్కిందన్నారు మాస్టారు. మేం అప్పుడే పలాసలో జీడిపప్పు కొన్నాం, అరకిలో పొట్లాలు ఐదు, ఒక్కోటి 430. మాస్టారు ఆ ఐదింటినీ బావ చేతుల్లో పెట్టి, "ఇదిగో, తేడా ఇంతే" అన్నారు. బావ వాటిని చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాడు. పాతికేళ్లుగా వింటున్న ఆ పతకం విలువ నాకు తెలిసొచ్చింది ఆ క్షణంలోనే.

ఇక గోపాల్‌పూర్ సంగతి. ఫోనులో "సముద్రం కనిపించే గదులు సార్, ఒక్కోటి 1,600, ఇరవై నాలుగు గంటలు" అని చక్కటి తెలుగులో చెప్పి వెయ్యి రూపాయలు ముందుగా తీసుకున్న మేనేజరే మాకు ఎదురయ్యాడు. గది కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ, దాని మీద నీళ్ల ట్యాంకు. సముద్రం ఎక్కడయ్యా అంటే, మేడ మీదికి వెళ్తే కనిపిస్తుందన్నాడు. మేడ తలుపుకు తాళం. దుప్పట్లు అడిగితే ఒక్కోటి 50. వేడినీళ్లు బకెట్టు 30. మధ్యాహ్నం ఒంటిగంటకు దిగిన మమ్మల్ని మర్నాడు ఎనిమిదింటికే ఖాళీ చేయమన్నాడు. బిల్లులో గదులకు 3,200, నాలుగు దుప్పట్లకు 200, ఆరు బకెట్లకు 180, జనరేటరుకు 300 వేశాడు. ఆ రాత్రి కరెంటు పోనేలేదు!

నన్ను అన్నిటికంటే బాధించింది ఒకటుంది. మేం నిలదీసేసరికి ఆ మనిషికి తెలుగు రాకుండా పోయింది. ఒడియాలో ఏదో అని తల తిప్పుకున్నాడు. అప్పుడు మాస్టారు గొంతు పెంచకుండా, అంతే శుభ్రమైన ఒడియాలో, ఫోనులో అతను చెప్పిన మాటలన్నీ వరసగా అప్పజెప్పారు. అతని ముఖం మాడిపోయింది కానీ పైసా తగ్గించలేదు. డబ్బు చేతిలో పడ్డాక మాట మార్చే మనిషి దగ్గర ఒక్క పూట కూడా ఉండకూడదు.

ఆ గది మా వాదననూ పాడుచేసింది. ఒడిశాలో జరిగిన రెండు హాకీ ప్రపంచ కప్పులూ బెల్జియమే గెలిచిందని బ్యాంకు మిత్రుడు పట్టుబట్టాడు. 2018లో భువనేశ్వర్‌లో నెదర్లాండ్స్‌ను షూటౌట్‌లో ఓడించి గెలిచింది నిజమే. 2023లో కూడా బెల్జియం ఫైనల్‌కు వచ్చింది, అందుకే ఆ పొరపాటు. 3-3తో సమమై, షూటౌట్‌లో 5-4తో జర్మనీ నెగ్గింది. మామూలుగా అయితే ఇంత రుచికరమైన తగాదా రెండు గంటలు సాగాలి. ఆ రాత్రి పది నిమిషాల్లో "సరే, టీ నాదే" అని అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు బరంపురం వచ్చేశాం. స్టేషను దగ్గరి లాడ్జిలో ఇద్దరికి గది 900, ఉతికిన దుప్పట్లు, అడగకుండానే వేడినీళ్లు. కారు 2,200కు మాట్లాడుకుని తప్తపాణి వేడినీటి బుగ్గ చూసి వచ్చాం, హాయిగా గడిచింది.

బయల్దేరే రోజు పొద్దున టిఫిను తిన్న చిన్న కొట్టును మాత్రం మరిచిపోలేను. ఇడ్లీ మీద చట్నీ కాదు, వేడివేడి ఘుగుని పోస్తారు, బఠాణీల కూర. ప్లేటు 40. మొదట ముఖం చిట్లించిన బావ మూడు ప్లేట్లు తిన్నాడు. 1936 దాకా ఈ గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే కదా, ఆ వీధిలో సగం మాటలు తెలుగే. కొట్టు యజమాని డెబ్బై ఏళ్లు దాటిన పెద్దాయన. మా మల్లీశ్వరి వాదన మళ్లీ రాజుకోగా విని, గరిటె పక్కన పెట్టి వచ్చారు.

"69 కిలోలంటున్నారు గదా బాబూ. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ ఆటల్లో మగవాళ్ల 69 కిలోల్లో బంగారం ఎవరిది?"

నలుగురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. మాస్టారు కూడా.

"కె. రవికుమార్. ఈ ఊరి కుర్రాడే. మళ్లీ 2014లో గ్లాస్గోలో 77 కిలోల్లో వెండి." ఆయన ఆ మాట చెప్పినప్పుడు ముఖంలో కనిపించిన వెలుగును ఏ గది కిటికీలోంచి చూసే సముద్రమూ ఇవ్వలేదు. నలుగురం ఓడాం కాబట్టి ఆయన టీ డబ్బులు మేమే ఇస్తామన్నాం. "నా కొట్లో నాకు టీ కొనిపెడతారా!" అని నవ్వి, చివరికి ఆ పది రూపాయలు తీసుకున్నారు.

తిరుగు ప్రయాణంలో బండి శ్రీకాకుళం రోడ్డులో ఆగగానే, ఎవరూ గుర్తు చేయకుండానే, బావ దిగి నాలుగు టీలు పట్టుకొచ్చాడు. జీడిపప్పు పొట్లాలు మాత్రం ఇంటికి చేరేదాకా ఒడిలోనే ఉంచుకున్నాడు.