ఎన్విడియా డ్రైవర్‌కి ఏ కెర్నల్ ప్యాకేజీ వేసుకోవాలి? డెబియన్‌లో చాలాకాలం వాడాక నా సమీక్ష

మా ఇంటి డెస్క్‌టాప్‌లో ఎన్విడియా జీటీఎక్స్ 1650 కార్డు ఉంది. బ్లెండర్ రెండర్లకీ, వీడియో ఎన్‌కోడింగ్‌కీ రోజూ వాడతాను కాబట్టి నాకు నూవో (ఎన్విడియా కార్డులకి లినక్స్‌లోనే ఉండే ఓపెన్ సోర్స్ డ్రైవర్) సరిపోదు, ఎన్విడియా సొంత డ్రైవరే ఉండాలి. డెబియన్ లినక్స్ 11లోనూ, తర్వాత 12లోనూ ఇదే కార్డుతో నడిపిస్తూ వచ్చాను. డ్రైవర్ 525 వేసుకోవాలా, 535 వేసుకోవాలా అని జనం తెగ టెన్షన్ పడతారు గానీ, డ్రైవర్ బతుకంతా ఆధారపడేది కెర్నల్ (సిస్టమ్‌కి గుండెలాంటి ప్రోగ్రామ్) హెడర్స్ ప్యాకేజీ మీద. డెబియన్‌లో దాని పేరు లినక్స్-హెడర్స్-ఏఎండి64. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న 64 బిట్ మెషీన్‌కీ ఇదే ప్యాకేజీ.

ఎన్విడియా మాడ్యూల్, అంటే కెర్నల్‌లోకి ఎక్కే డ్రైవర్ ముక్క, కెర్నల్‌తో పాటు రాదు. మన మెషీన్‌లో, మనం నడుపుతున్న కెర్నల్‌కి తగ్గట్టు, అక్కడికక్కడే కంపైల్ కావాలి. ఆ పని చేసిపెట్టేది డీకేఎంఎస్ అనే టూల్. దానికి ఆ కెర్నల్ తాలూకు హెడర్ ఫైళ్లు, బిల్డ్ కాన్ఫిగ్ (దాన్ని కట్టిన సెట్టింగులు), మాడ్యూల్.సిమ్‌వర్స్ అనే సింబల్ జాబితా (మాడ్యూళ్లు వాడుకోగల కెర్నల్ ఫంక్షన్ల పేర్లు) కావాలి. ఈ మూడూ హెడర్స్ ప్యాకేజీలోనే దొరుకుతాయి. కెర్నల్ లోపలి ఇంటర్‌ఫేస్‌లు ఎప్పటికప్పుడు మారిపోతుంటాయి, వాటిని మార్చబోమని కెర్నల్ డెవలపర్లు ఎన్నడూ మాటివ్వలేదు. అందుకే 6.1.0-17కి కట్టిన మాడ్యూల్ 6.1.0-18లో చెల్లుతుందన్న భరోసా లేదు.

మాడ్యూల్ కట్టాలంటే కెర్నల్ సోర్స్ కావాలేమో అని చాలామంది లినక్స్-సోర్స్-6.1 దించుకుంటారు. ఈ పనికి అది అక్కర్లేదు. వంద ఎంబీ దాటిన ఒక టార్ ఫైలు యూఎస్ఆర్-ఎస్ఆర్‌సీ ఫోల్డర్‌లో వచ్చి పడుతుంది, అంతే. దాన్ని విప్పినా అందులో సిమ్‌వర్స్ ఉండదు, మీ కెర్నల్‌ని కట్టిన కాన్ఫిగ్ అమర్చి ఉండదు. సొంతంగా కెర్నల్ కట్టుకునేవాళ్లకి తప్ప నేనది సిఫారసు చేయను.

ఇక ఎక్కువమంది చేసేది యూనేమ్ -ఆర్ (నడుస్తున్న కెర్నల్ వెర్షన్ చూపించే కమాండ్) కొట్టి, వచ్చిన వెర్షన్ పేరుతో హెడర్స్ వేసుకోవడం. ఆ రోజుకి చక్కగా పనిచేస్తుంది. కానీ వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్‌తో కొత్త కెర్నల్ ఎక్కుతుంది, కొత్త హెడర్స్ మాత్రం రావు. రీబూట్ చేశాక గ్రాఫిక్స్ రాకుండా నల్ల స్క్రీన్ పలకరిస్తుంది. వెర్షన్ నంబరు లేకుండా ఎప్పుడూ తాజాదాన్ని లాక్కొచ్చే మెటాప్యాకేజీకి ఈ బాధ లేదు. కెర్నల్ మెటాప్యాకేజీ అయిన లినక్స్-ఇమేజ్-ఏఎండి64 ఎటు పోతే లినక్స్-హెడర్స్-ఏఎండి64 అటే పోతుంది. పైగా డెబియన్‌లో హెడర్స్ ప్యాకేజీ, ఆ కెర్నల్‌ని కట్టిన జీసీసీ కంపైలర్ వెర్షన్‌ని కూడా వెంట తెచ్చుకుంటుంది. ఇది ఎంత విలువైందో ఉబుంటు 22.04 వాడినవాళ్లకి తెలుస్తుంది. అక్కడ హెచ్‌డబ్ల్యూఈ (కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చే) కెర్నల్ 6.5ని జీసీసీ 12తో కట్టారు, సిస్టమ్‌లో మామూలుగా ఉండేది జీసీసీ 11. హెడర్స్ అన్నీ సరిగ్గానే ఉన్నా, ఆ ఆప్షన్ నాకు తెలియదంటూ కంపైలర్ ఆగిపోయేది. జీసీసీ-12 ప్యాకేజీ విడిగా వేసుకుంటే సరిపోయేది.

అప్‌డేట్ అయ్యాక రీబూట్ కొట్టే ముందు డీకేఎంఎస్ స్టేటస్ చూడటం నాకు అలవాటు. కొత్త కెర్నల్ పేరు పక్కన ఇన్‌స్టాల్డ్ అని ఉంటే నిశ్చింతగా రీబూట్ చేయొచ్చు. డ్రైవర్ వెర్షన్ పక్కన ఉత్త యాడెడ్ అని మాత్రమే కనిపిస్తే మాడ్యూల్ తయారవలేదన్నమాట, చాలాసార్లు కారణం హెడర్స్ లేకపోవడమే. లిబ్ కింద మాడ్యూల్స్, అందులో మీ కెర్నల్ పేరున్న ఫోల్డర్‌లో బిల్డ్ అనే లింకు ఉంటుంది. అది లేకపోయినా, ఉండి ఎటూ చేరకపోయినా జబ్బు అక్కడే. హెడర్స్ ఉన్నా బిల్డ్ ఫెయిలైతే మేక్.లాగ్ (ఆ బిల్డ్ రాసిన లాగ్ ఫైలు) తెరవండి. అన్నిటికంటే కిందున్న లైను కాదు, ఎర్రర్ అన్న మాట మొదటిసారి వచ్చిన చోటు చదవండి.

హెడర్స్ సరిగ్గా ఉన్నా దెబ్బతినే సందర్భాలు లేకపోలేదు. 2024 ఫిబ్రవరిలో డెబియన్ 12.5తో 6.1.76 కెర్నల్ వచ్చినప్పుడు ఎన్విడియా 525.147.05 మాడ్యూల్ కంపైల్ కాలేదు. జీపీఎల్ (ఒక ఓపెన్ సోర్స్ లైసెన్సు) మాడ్యూళ్లకి మాత్రమే అనుమతి ఉన్న ఒక సింబల్ దగ్గర అది ఆగిపోయింది. సవరించిన డ్రైవర్ ప్యాకేజీ వచ్చేదాకా గ్రబ్ (బూట్) మెనూలో పాత కెర్నల్ ఎంచుకుని నడపడమే మార్గం. అందుకే పాత కెర్నల్‌నీ దాని హెడర్స్‌నీ ఒక్కదాన్నయినా ఉంచుకోవాలంటాను. ఆటోరిమూవ్ (అక్కర్లేని ప్యాకేజీలు తీసేసే కమాండ్) కొట్టే ముందు, అది తీసేయబోయే వాటి జాబితా చదవండి. బ్యాక్‌పోర్ట్స్ (డెబియన్ స్థిర విడుదల అయిన స్టేబుల్‌కి కొత్త వెర్షన్లు అందించే చోటు) నుంచి కెర్నల్ తెచ్చుకునేవాళ్లు హెడర్స్ కూడా అక్కడి నుంచే తెచ్చుకోవాలి. స్టేబుల్‌లోని పాత డ్రైవర్ ఆ కొత్త కెర్నల్ మీద కంపైల్ అవుతుందో లేదో ముందే చూసుకోవాలి. నేను మాత్రం పని మెషీన్‌లో స్టేబుల్ కెర్నల్‌ని కదపను.

ఫెడోరాకి మారేవాళ్లు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. అక్కడ కెర్నల్-హెడర్స్ అనే ప్యాకేజీ మామూలు ప్రోగ్రాములు కంపైల్ చేసుకోవడానికి, డ్రైవర్ మాడ్యూల్‌కి కావలసింది కెర్నల్-డెవెల్. పైగా మీరు పాత కెర్నల్‌లో ఉండి ఉత్త కెర్నల్-డెవెల్ అడిగితే కొత్త వెర్షన్‌ది వచ్చి కూర్చుంటుంది. ముందు సిస్టమ్ అప్‌డేట్ చేసి, రీబూట్ అయ్యాక ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి రిపో నుంచి, మాడ్యూల్‌ని తనే కట్టే ఏక్‌మాడ్-ఎన్విడియా వేసుకోవడం మేలు. ఆర్చ్‌లో డీకేఎంఎస్‌తో వెళ్తే ఎన్ని రకాల కెర్నళ్లు పెట్టుకుంటే అన్నిటి హెడర్సూ విడివిడిగా వేసుకోవాలి. ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్టు ఉండే) కెర్నల్‌కి లినక్స్-ఎల్‌టీఎస్-హెడర్స్ ఉండాల్సిందే.

ఉబుంటులో ఇవేవీ లేకుండా, ముందే కట్టి సంతకం చేసిన లినక్స్-మాడ్యూల్స్-ఎన్విడియా ప్యాకేజీలు దొరుకుతాయి. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న కోడునే లోడ్ కానిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంచాలనుకునే ల్యాప్‌టాప్ వాళ్లకి నా ఓటు వాటికే. డీకేఎంఎస్‌తో వెళ్తే మోక్ కీ (మాడ్యూల్ మీద సంతకం చేసే మీ సొంత కీ) చేర్చుకోవాలి. ఒకసారి పాస్‌వర్డ్ పెట్టి, రీబూట్‌లో వచ్చే నీలం స్క్రీన్ మీద ఎన్‌రోల్ చేయాలి. ఆ స్క్రీన్ కొద్ది సెకన్లే ఉంటుంది, వదిలేస్తే మాడ్యూల్ తయారై ఉన్నా లోడ్ కాదు. ఏఎండీ, ఇంటెల్ గ్రాఫిక్స్ వాళ్లకి ఈ పని లేదు. ఏఎండీజీపీయూ, ఐ915 రెండూ కెర్నల్‌లోనే ఉన్నాయి, హెడర్స్ వేసుకోనక్కర్లేదు.