వార్మర్‌లో బిడ్డ, తల్లి గుండెల మీద బిడ్డ

జిల్లా ఆసుపత్రిలో ఎస్ఎన్‌సీయూ (జబ్బుపడ్డ, బరువు తక్కువ పసికందుల ప్రత్యేక వార్డు) ఎలా ఉందో చూడటానికి ఎవరొచ్చినా మొదట అడిగేది వార్మర్లు (పైనుంచి వేడినిచ్చే పసికందుల పడకలు) ఎన్ని అనే. అది సగం ప్రశ్నే.

వార్మర్ పద్ధతిలో బిడ్డ లోపల, తల్లి బయట. బిడ్డ ఎప్పుడూ నర్సు కళ్లెదుటే ఉంటుంది, సెలైన్ పెట్టడం తేలిక. అయితే కరెంటు పోయినా, ఒంటి వేడి కొలవడానికి అంటించిన ప్రోబ్ ఊడినా వేడి తప్పుతుంది. చోటు చాలక ఒకే వార్మర్‌లో ఇద్దరిని పడుకోబెడితే ఒకరి ఇన్‌ఫెక్షన్ రెండోవారికి అంటుకునే ప్రమాదం.

రెండోది కంగారూ సంరక్షణ. ఇంక్యుబేటర్లు సరిపోని కొలంబియా రాజధాని బొగొటాలో 1978లో మొదలైంది. టోపీ, డైపర్ మాత్రమే ఉంచి బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి గుడ్డతో కడతారు. చాలాకాలం దీన్ని లేనివాళ్ల సర్దుబాటుగానే చూశారు, అదే నాకు బాధ. మన దేశంతో పాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన అధ్యయనం 2021లో వెలువడింది. 1 నుంచి 1.8 కిలోల లోపు పిల్లల్లో, పుట్టిన వెంటనే తల్లి ఒంటికి చేర్చినవారిలో 28 రోజుల్లో మరణాలు 12 శాతం. స్థిమితపడేదాకా వేరుగా ఉంచినవారిలో 15.7 శాతం.

ఆక్సిజన్, సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి ఊపిరికి సాయపడే యంత్రం) రెండుచోట్లా కావాల్సిందే. సొంతంగా ఊపిరి తీయలేని బిడ్డకు, రక్తప్రసరణ పడిపోయి షాక్‌లో ఉన్న బిడ్డకు వార్మరే దిక్కు. మిగతావారి విషయంలో నా ఓటు తల్లికే. కొత్త వార్మర్ కొనేముందు లోపల ఆమెకో మంచం, భోజనం, దగ్గర్లో బాత్రూమ్ ఉన్నాయా, బిడ్డ రోజుకు ఎన్ని గంటలు ఆమె ఒంటిమీద ఉందో ఎవరైనా రాస్తున్నారా అని చూడాలి.