కేదార్‌కంఠలో మంచు తుఫాను: ఏవి ఆదుకున్నాయి, ఏవి చెయ్యిచ్చాయి

చలికాలంలో ఉత్తరాఖండ్‌లోని హిమాలయ శిఖరం కేదార్‌కంఠకు అందరూ మంచు కోసమే వెళ్తారు. మేం వెళ్లినప్పుడు ఆ మంచే దారి మూసేసింది. ఉత్తరకాశీ జిల్లాకు తేలికపాటి మంచు అన్న సూచన చూసుకునే బయల్దేరాం. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులు (వెస్టర్న్ డిస్టర్బెన్సెస్) అనే వాతావరణ వ్యవస్థలే ఈ కొండల్లో చలికాలపు మంచుకు కారణం. వాటి బలం కాస్త పెరిగినా పైన పరిస్థితి మారిపోతుంది. ఫోన్‌లో కనబడే సాంక్రీ (ట్రెక్ మొదలయ్యే ఊరు) వాతావరణం లోయది. 3,800 మీటర్ల ఎత్తున్న శిఖరానికి అది వర్తించదు.

డెహ్రాడూన్ నుంచి సాంక్రీకి సుమారు 200 కిలోమీటర్లు. కొండ రోడ్డు కాబట్టి పగలంతా ప్రయాణంలోనే పోతుంది. పురోలా, మోరీ దాటాక టోన్స్ నది పక్కన సాగే దారి మాత్రం చాలా బాగుంటుంది, నిద్రపోకండి.

సాంక్రీలో మేం దిగిన చెక్క ఇంటి హోమ్‌స్టేకి పూర్తి మార్కులు ఇస్తాను. గదిలో హీటర్ లేదు, కరెంటు ఉన్నట్టుండి పోయింది. అయినా ఆ ఇంటావిడ మమ్మల్ని వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, వేడివేడి రొట్టెలు, రాజ్మా పెట్టింది. దిగి వచ్చాక మా తడి సాక్సులన్నీ ఆ పొయ్యి మీదే తాడు కట్టి ఆరేసింది. అడగకుండానే.

అద్దె సామాన్ల దగ్గర మాత్రం జాగ్రత్త. మంచు మీద జారకుండా బూట్లకు తొడిగే మైక్రోస్పైక్స్ బాగానే ఉన్నాయి. మంచు బూట్లోకి పోకుండా కాళ్లకు చుట్టుకునే గేటర్లే పనికిరానివి. బూటు అడుగు నుంచి పోయే పట్టీ అరిగి దారప్పోగులా ఉంది. మా క్యాంపు ఉన్న చెరువు, జూడా కా తాలాబ్ చేరకముందే నా ఎడమ కాలిది తెగింది. అక్కణ్నుంచి వేసిన ప్రతి అడుగుకీ మంచు బూట్లోకి దూరి, కరిగి, సాక్సు పిండితే నీళ్లు కారేలా తయారైంది. అద్దెకు తీసుకునేటప్పుడే ఆ పట్టీని గట్టిగా లాగి చూడండి.

జూడా కా తాలాబ్ దగ్గర చెట్లుండటం వల్ల గాలి అంతగా తగల్లేదు. మంచు మాత్రం ఆగలేదు. రాత్రి మెలకువ వచ్చేసరికి టెంటు గుడ్డ కిందికి జారి మొహానికి తగులుతోంది. మా ఊపిరి తడే లోపలివైపు గడ్డకట్టి, కదిలితే పొడిపొడిగా రాలుతోంది. క్యాంపు కుర్రాళ్లు ఆ చలిలో టెంటు టెంటుకీ తిరిగి మంచు దులిపారు. 'లోపల్నుంచి కొడుతూ ఉండండి భయ్యా, బరువెక్కితే రాడ్డు విరుగుతుంది' అని చెప్పి వెళ్లారు. వాళ్ల రుణం ఏ రేటింగుతోనూ తీరదు.

ఇక్కడే తేడా తెలిసింది. కొందరు తమ బ్యాగులు కంచర గాడిదల మీద వేసి ఖాళీ చేతులతో నడిచారు. మంచు పెరగడంతో ఆ గాడిదలు సగం దారిలోనే ఆగిపోయాయి. పొడి బట్టలు, థర్మల్స్ అన్నీ కిందే ఉండిపోయాయి. బ్యాగు మోసుకెళ్లిన మాకు భుజాలు నొప్పెట్టాయి గానీ, ప్లాస్టిక్ కవర్లో చుట్టుకున్న ఒక జత పొడి బట్టలు ఆ రాత్రి మమ్మల్ని కాపాడాయి. గాడిద మీద వేసినా సరే, చిన్న బ్యాగులో ఈ మాత్రం మీ దగ్గరుంచుకోండి.

మర్నాడు గైడు పైకి వద్దన్నాడు. మోకాళ్ల లోతు కొత్త మంచు, శిఖరానికి ముందు గట్టు మీద పదడుగుల దూరం కూడా కనబడదన్నాడు. పక్క బృందంలో ఇద్దరు గట్టిగా వాదించారు. డబ్బులు కట్టామన్నారు, ఇంత దూరం వచ్చామన్నారు. అతను గొంతు పెంచలేదు, మాట మార్చలేదు. ఈ యాత్ర మొత్తంలో మేం కట్టిన డబ్బుకు అసలైన విలువ అదే అని నా అభిప్రాయం.

తిరుగు ప్రయాణం మాత్రం చిరాకు పుట్టించింది. రోడ్డు మీద మంచుందని నిర్వాహకుల వ్యాన్ సాంక్రీ దాకా రాలేదు. కింద ఎక్కడో ఆగిందని ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, అంతే. బ్యాగులతో జారుతూ దిగాం. రోడ్డు మూసుకుపోవడం ఎవరి తప్పూ కాదు. కానీ తోడుగా ఒక మనిషిని పంపకపోవడం తప్పే.

బుక్ చేసేముందు రెండు విషయాలు అడగండి: వాతావరణం చెడితే అదనపు రోజుకు ఖర్చెవరిది, వెనక్కి తిరగాలన్న నిర్ణయం గైడుదా, ఆఫీసుదా. రెండోదానికి నీళ్లు నమిలితే ఆ కంపెనీని వదిలేయండి.