విదేశీ బడితో జతకట్టాలంటే లైవ్ కాల్ మేలా, రికార్డు చేసి పంపడం మేలా?

వేరే దేశం పిల్లలతో మన తరగతిని కలపాలనుకోగానే అందరికీ మొదట తట్టేది వీడియో కాల్. నాకూ అదే తట్టింది. ఇంగ్లాండులోని ఒక ప్రైమరీ స్కూలుతో మా ఆరో తరగతిని కలిపి రెండేళ్లయింది. ఇప్పుడెవరైనా అడిగితే, కాల్ సంగతి తర్వాత, ముందు రికార్డు చేసి పంపండి అంటాను.

మొదటి కాల్ బాగానే జరిగింది. మనకు మధ్యాహ్నం 2 అయితే వాళ్లకు ఉదయం 9:30. రెండోసారీ 2 గంటలకే పిల్లల్ని కూర్చోబెట్టాను. ఎంతసేపు చూసినా అవతల ఎవరూ రారు! అక్టోబరు ఆఖరి ఆదివారం బ్రిటన్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారని నాకు గుర్తే లేదు. అక్కడ అప్పుడు 8:30, బడి ఇంకా తెరవలేదు.

ఇంగ్లాండు కాబట్టి ఆ మాత్రమైనా కుదిరింది. అమెరికా అయితే మన బడివేళ న్యూయార్క్‌లో అర్ధరాత్రి. సాయంత్రం 7 దాకా పిల్లల్ని ఆపితే ఆఖరి బస్సు పోతుంది. లైవే కావాలనుకుంటే జపాన్ నయం. మనకంటే మూడున్నర గంటలే ముందు, వాళ్ల బడి ఏడాది కూడా ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి మనకు దగ్గరగా నడుస్తుంది.

టైము కుదిరినా అసలు చిక్కు మాటతోనే. కాల్‌లో ఇంగ్లీషు వచ్చిన ఇద్దరే మాట్లాడారు, మిగతా ముప్పై మంది చేతులూపారు. వాళ్ల యాస మొదటి పది నిమిషాలు నాకే అర్థం కాలేదు, పిల్లలనేం అనను?

రికార్డింగ్‌లో ఆ టెన్షన్ ఉండదు. తప్పు పోతే మళ్లీ తీస్తాం. ధనుర్మాసంలో, క్లాసులో నోరు మెదపని ఒక పిల్ల ముగ్గు వేసి చూపించింది. 7 చుక్కలు, 4 వచ్చేదాకా, సందు చుక్క. మాటలు తెలుగులోనే చెప్పింది, కింద ఇంగ్లీషు నేను రాశాను. వీడియోలో కనబడేవి చేతులే. కావాలనే అలా తీశాం. మన 2023 డేటా చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. పంపిన వీడియో ఎన్ని ఫోన్లలోకి పోతుందో ఎవరు చెప్పగలరు? కాల్‌కు ఈ బెడద కొంత తక్కువే, ఒప్పుకోవాలి.

ఎదురుచూపు మరో కష్టం. మన దసరా సెలవులు అయ్యేసరికి వాళ్లకు సెలవులు, ఆ తర్వాత క్రిస్మస్. "టీచర్, వాళ్లు పంపారా?" అని రోజూ అడిగేవాళ్లు. మూడు వారాలకు అడగడం మానేశారు. అందుకే ఇప్పుడు రెండు బడుల సెలవులూ ముందే క్యాలెండర్‌లో రాసుకుంటున్నాం.

పోస్టు దారీ ఉంది. 1988లో న్యూయార్క్, మాస్కో బడులతో మొదలైన ఐఎర్న్ (iEARN) అనే అంతర్జాతీయ బడుల నెట్‌వర్క్‌లో తరగతులు టెడ్డీబేర్లను ఇచ్చిపుచ్చుకుంటాయి. పిల్లలకు భలే ముచ్చట, కానీ పార్సెల్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

మరి కాల్ వద్దా? ఏడాది చివర ఒక్కటి చాలు, అప్పటికి మొహమాటం పోతుంది. ముగ్గుకు జవాబుగా వాళ్లు బడి ఆవరణలో చాక్‌పీసుతో వేసి పంపారు. చుక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒక గీత మాత్రం దారి తప్పింది. మా పిల్ల ఈసారి నెమ్మదిగా గీసి ఇంకో వీడియో తీసింది.