620 గ్రాముల బొంత: నాలుగేళ్ల వాడకం తర్వాత

ట్రెకింగ్‌కి మోసుకెళ్లే పాత స్లీపింగ్ బ్యాగ్‌ని వంటింటి కాటా మీద పెడితే 1,740 గ్రాములు తూగింది. దాని బదులు 2021లో కొన్న బాతు నూగు క్విల్ట్ 620. ఒక్క వస్తువు మారిస్తే కిలో పైనే తగ్గింది. టూత్‌బ్రష్ కాడ కోశాను, టీషర్టు లేబుళ్లు కత్తిరించాను, సబ్బును ముక్కలు చేశాను. అవన్నీ కలిపినా వంద గ్రాములు రాలేదు. వీపు మీద బరువు తగ్గించుకోవాలని అడిగేవాళ్లకి ముందు పడకనే చూడమంటాను.

మా ఇంట్లో దీన్ని క్విల్ట్ అని ఎవరూ అనరు, బొంత అంటారు. నాకూ అదే అలవాటైపోయింది. అడుగు లేదు, జిప్పు లేదు. పాదాల దగ్గర మాత్రం సంచిలా కుట్టి ఉంటుంది. మన ఒంటి కింద నలిగిన నూగు ఎలాగూ వెచ్చదనం ఇవ్వదు కనుక ఆ భాగమే తీసేశారు. దీన్ని నేను ఇంతగా ఇష్టపడటానికి బరువు ఒక్కటే కారణం కాదు. జిప్పు బిగించిన సంచిలో నాకు ఊపిరాడనట్టు ఉండేది, ఏ రాత్రీ నాలుగు గంటలకు మించి నిద్ర పట్టేది కాదు. డిసెంబరులో లంబసింగిలో మొదటిసారి ఈ బొంత కప్పుకుని, ఒక కాలు బయట పెట్టి పడుకున్నాను. తెల్లారి మంచు చూద్దామని వెళ్లినవాణ్ణి, మంచు విడిపోయాక లేచాను. ఆ వారమే తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేసి కొనమని చెప్పాను.

ఆ మాటను తర్వాత కొంత సవరించుకోవాల్సి వచ్చింది.

2022 ఆగస్టులో బావా నేనూ హిమాచల్ ప్రదేశ్‌లోని హంప్టా పాస్ అనే కనుమకి వెళ్లాం. కులూ వైపు ఆ నెలంతా వాన. చికాలో మొదటి రాత్రి బాగానే గడిచింది. రెండో రాత్రి బాలూ కా ఘేరాలో, ఏటి ఒడ్డున, కనుమకి కింద. సాయంత్రం నుంచి సన్నగా జల్లు పడుతూనే ఉంది, టెంట్ తలుపులు పూర్తిగా మూసేశాం. నాది ఒంటి పొర టెంట్, అదీ బరువు తగ్గించాలనే కొన్నది. ఇద్దరి ఊపిరి ఆవిరి లోపలి గోడకి చెమటలా పట్టింది. నిద్రలో కాళ్లు చాపానేమో, బొంత కొస ఆ గోడకి ఆనుకుని ఉండిపోయింది.

రాత్రి రెండింటికి పాదాలు కొయ్యబారిపోయి మెలకువ వచ్చింది. హెడ్‌లైట్ వేసి చూస్తే, నాలుగు వేళ్ల మందం పొంగి ఉండాల్సిన చోట గుడ్డ బల్లపరుపుగా పడి ఉంది. వేళ్లతో తడిమితే, అడ్డకుట్ల మధ్య నూగు నింపిన గడి మూలన నూగు తడిసి చిన్న ఉండగా చేతికి తగిలింది. మిగతా గడంతా ఖాళీ. అటువైపు నుంచి ఇటు చూస్తే లైటు కనిపించింది.

పొడి సాక్సులు వేసుకున్నాను. రెయిన్ కోటు జిప్పు పెట్టి బొంత కొసకి తొడిగాను. అయినా వణుకు ఆగలేదు. స్టవ్ మీద నీళ్లు కాచి సీసాలో పోసి కాళ్ల దగ్గర పెట్టుకుందామనుకున్నాను. కానీ 180 గ్రాముల గట్టి సీసాని ఇంట్లో వదిలేసి, పాతిక గ్రాముల మినరల్ వాటర్ సీసాలు రెండు తెచ్చుకున్నాను. వేడి నీళ్లు పోయగానే సీసా నడుము దగ్గర ముడుచుకుపోయి పక్కకి వంగింది. అప్పుడు అర్థమైంది నాకు: వేర్వేరు అనుకుని తీసేసిన బరువులు ఒకదాని వెనక ఒకటి కాపు కాస్తున్నవి. పల్చటి టెంట్ వల్ల బొంత తడిసింది, పల్చటి సీసా వల్ల తడిసిన బొంతకి మారు లేకుండా పోయింది.

“బావా, నీ స్టీలు సీసా ఒకసారి ఇస్తావా?”

“తీస్కోరా, అడగాలా? సాక్సులో పెట్టుకో, లేకపోతే కాలుతుంది.”

ఆ సీసా అంత బరువెందుకని జోబ్రాలో బయల్దేరేటప్పుడు తనతో గంటసేపు వాదించాను. తెల్లారే దాకా రెండు పాదాల మధ్య పెట్టుకుని పడుకున్నది దాన్నే.

మర్నాడు 4,270 మీటర్ల కనుమ దాటి లాహౌల్ వైపు దిగేసరికి ఆకాశమే మారిపోయింది. అటువైపు వానలు అందని ఎండు లోయ. సియాగోరులో రాతి మీద బొంత పరిస్తే రెండు గంటల్లో నూగు మళ్లీ లేచింది, ఉండలు మాత్రం చేత్తో విడదీయాల్సి వచ్చింది. అదే బొంత, కనుమకి ఇటు ఒక రకం, అటు ఒక రకం. కొనేముందు ‘ఎన్ని డిగ్రీలకి ఆగుతుంది?’ అనే అడిగాను కానీ ‘ఎంత తేమకి ఆగుతుంది?’ అని అడగలేదు. ఇలాంటి బొంతలకి 1990ల్లో అమెరికాలో ప్రచారం తెచ్చిన రే జార్డిన్, తన నమూనాలో నింపింది తడిసినా అంతగా కుంగని సింథటిక్ దూదినే అని తర్వాత చదివి తెలుసుకున్నాను.

ఇప్పుడు నా లెక్కలో దీని బరువు 620 కాదు. నీళ్లు చొరని సంచి 60, గట్టి సీసా 180, చాపకి బిగించే పట్టీలు 40 కలిపి 900 రాసుకుంటున్నాను. అయినా పాతదానికంటే 840 తక్కువే, ఆ తేడా ఎక్కుడులో మోకాళ్లకి తెలుస్తుంది. ఇంకో మాట, అడుగు లేదు కనుక చలంతా ఆపాల్సింది కింది చాపే. పల్చటి ఫోమ్ చాప మన కొండల్లో సరిపోయింది, హిమాలయాల్లో చాల్లేదు.

రెండుసార్లు ఉతికాను. రెండోసారి ఏప్రిల్‌లో, హైదరాబాద్‌లో మా మేడ మీద. తడిసిన బొంతని మెలిపెట్టి పిండకూడదు, వేలాడదీయకూడదు, నూగు బరువుకి లోపలి అడ్డకుట్లు తెగుతాయి. పరిచిన పాత చీర మీద అమ్మ కూర్చుని, ఒక్కో గడిలో ఉండని రెండు వేళ్లతో విప్పింది. “పరుపు దూది ఏకేవాళ్లు వీధిలోకి వచ్చేవాళ్లు మా చిన్నప్పుడు, ఇదీ అంతే కదరా” అంది. రెండు రోజుల ఎండ పట్టింది. కొత్తలో ఉన్నంత పొంగు ఇప్పుడు లేదు, చాలావరకు ఉంది.

నాకు నిజంగా బాధ కలిగించేది వెడల్పు. నలభై గ్రాములు తగ్గుతాయని సన్నది కొన్నాను. నేను పక్కకి తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకునేవాణ్ణి. తిరిగిన ప్రతిసారీ వీపు దగ్గర సందు పడి చల్లగాలి దూరుతుంది, పట్టీలు బిగిస్తేనే ఆగుతుంది. మళ్లీ కొంటే పది సెంటీమీటర్లు వెడల్పుదే కొంటాను.

నేను సెలవులు చూసుకుని ఏడాదికి రెండుసార్లు వెళ్లేవాణ్ణి, ఇప్పుడు ఎక్కువగా సెప్టెంబరు చివర్లో, వాన వెనక్కి తగ్గాక. వెల్లకిలా పడుకునేవాళ్లకి, పొడి రోజుల్లో నడిచేవాళ్లకి ఇది బాగా కుదురుతుంది. పూలు చూడాలని జులై వానల్లో ఉత్తరాఖండ్‌లోని పూలలోయకి వెళ్లేవాళ్లు అడిగితే మాత్రం సింథటిక్ స్లీపింగ్ బ్యాగే తీసుకెళ్లమంటున్నాను, అర కిలో ఎక్కువైనా సరే.