అక్కచెల్లెళ్ళ ప్రేమకథల సెట్టు అమ్ముతానంటున్న ఆ విక్రేత దగ్గర దయచేసి ఎవరూ కొనకండి

పాత ఇంగ్లీషు ప్రేమనవలల సెట్లను ప్రతి శనివారం రాత్రి ఫొటోలు తీసి అమ్మకానికి పెట్టే ఆ మనిషి ఎవరో ఇక్కడ చాలామందికి తెలుసు కనుక, పరిచయంతో మీ సమయం వృథా చేయను. లండన్‌లో హోటళ్ళున్న ఒక సంపన్న కుటుంబంలోని ముగ్గురు అక్కచెల్లెళ్ళ కథలు, మూడు పుస్తకాలు, "అన్నీ ఒరిజినల్, కొత్తవాటిలాగే ఉన్నాయి" అని రాసి 1,450 రూపాయలు అడిగాడు. పోస్టు ఖర్చు 120 కలిపి మొత్తం 1,570 రూపాయలు నేరుగా అతని ఫోన్ నంబరుకే పంపించాను. పార్సెలు సోమవారం వచ్చింది.

మొదటి రెండు పుస్తకాల్లో వంక పెట్టడానికేమీ లేదు. మూడోదే మోసం. అట్ట నిగనిగలాడుతోంది గాని, లోపలి కాగితం పల్చగా ఉండి వెనక పేజీ అక్షరాలు ముందుకు కనబడుతున్నాయి, అచ్చు ఒక పక్కకు ఒరిగి ఉంది. అట్ట వెనక ఉన్న, పుస్తకాన్ని గుర్తించడానికి విడిగా ఇచ్చే 13 అంకెల ఐఎస్‌బీఎన్ ఒకటైతే, లోపల కాపీరైట్ పేజీలో ఉన్నది రెండో పుస్తకం నంబరు. అంటే దొంగ అచ్చు వేసినవాడు ఆ పేజీని కూడా సరిగ్గా చూసుకోలేదు. అయినా నేను సర్దుకుని చదవడం మొదలుపెట్టాను. 128వ పేజీ చివర కథానాయకుడు చేతిలోని ఫైలు బల్లమీద పెట్టి కథానాయిక వైపు తిరుగుతాడు. పేజీ తిప్పితే చెల్లెలి పెళ్ళిబట్టల కొలతలు తీసుకుంటున్నారు. పైన చూస్తే 97 అని ఉంది. 97 నుంచి 128 వరకూ రెండోసారి కుట్టేసి, ఆ తరువాత ఏకంగా 161కి వెళ్ళిపోయారు. పదహారేసి పేజీల కట్టలు (ఫారాలు) రెండు, అంటే 32 పేజీలు, పుస్తకంలో లేనే లేవు. దాదాపు 50,000 మాటలతో 190 పేజీలుండే నవలలో అది ఆరో వంతు.

పోయిన పేజీల్లో ఏముందో చెబితే తప్ప నా బాధ మీకు అర్థం కాదు. ఇలాంటి సెట్లలో ఒక్కో పుస్తకం ఒక్కో అమ్మాయిది. చిన్నమ్మాయి మొదటి పుస్తకంలోనే పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతుంది, రెండో అమ్మాయి తండ్రితో గొడవపడి వెళ్ళి తన మనిషిని తనే వెతుక్కుంటుంది, పెద్దమ్మాయి మాత్రం ఆ రెండు పుస్తకాల్లోనూ హోటళ్ళ లెక్కలు చూస్తూ, తండ్రి అప్పులు తీరుస్తూ, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళకు పూలు కూడా తనే ఎంచుతూ ఒక మూలన నిలబడి ఉంటుంది. అంత ఆస్తి ఉండీ తనకంటూ ఒక్క సాయంత్రం లేని ఆ అమ్మాయి, అప్పులవాళ్ళ తరఫున వచ్చిన మనిషి ముందు మొదటిసారి మనసు విప్పే ఘట్టమే ఆ 32 పేజీల్లో ఉంది. మా నాన్నగారు పోయాక మా ఇంటిని మోసిన మా అక్క 34వ ఏట పెళ్ళి చేసుకుంది. ఈ సెట్టు కొన్నది ఆమె పుట్టినరోజుకి ఇవ్వాలనే.

నిన్న రాత్రి అతనికి ఫోన్ చేసి, పేజీ నంబర్లతో సహా మర్యాదగానే చెప్పాను. తప్పయిందంటాడని, కనీసం మూడో పుస్తకం డబ్బయినా తిరిగి ఇస్తాడని అనుకున్నాను. అతనన్న మాట ఇది: "ఏంటమ్మా, ఈ పుస్తకాల్లో చివరికి జరిగేది పెళ్ళే కదా? డబ్బున్న అమ్మాయిలు, వాళ్ళ వెనక పడే కోటీశ్వరులు, మధ్యలో నాలుగు పేజీలు లేకపోతే కథ ఆగిపోయిందా? ఈ వయసులో వీటి కోసం ఇంత రాద్ధాంతమా?" నేను బదులు చెప్పేలోగా పెట్టేశాడు. ఆ వెంటనే నా నంబరు బ్లాక్ చేశాడు.

మోసం చేసినందుకన్నా ఆ మాటకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. 1908లో లండన్‌లో మొదలై 1930ల నుంచి ప్రేమకథలకే అంకితమైన మిల్స్ అండ్ బూన్ ప్రచురణ సంస్థ మొదలుకొని ఇవాళ్టి దాకా ఈ తరహా నవలలన్నీ పాఠకులకిచ్చే మాట ఒక్కటే, చివరికి వాళ్ళిద్దరూ ఒకటవుతారని. ఆ సంగతి తెలిసే పుస్తకం తెరుస్తాం కనుక, ఎలా ఒకటయ్యారన్నదే మాకు కథ. అది తీసేసి పెళ్ళి మాత్రం మిగిల్చి అమ్మినవాడు, నా వయసు గురించి మాట్లాడాడు. వీటి మీదే నెలనెలా సంపాదిస్తూ, వీటిని చదివే ఆడవాళ్ళను ఇంత చులకన చేసే మనిషికి మనం డబ్బు పంపడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

నా తప్పు కూడా ఉంది. అతను పెట్టిన ఫొటోల్లో పుస్తకాల అట్టలు, వీపులు తప్ప లోపలి పేజీ ఒక్కటీ లేదు, నేను అడగనూ లేదు. ఆన్‌లైన్ అమ్మకాలకు సంబంధించి 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం, ఈ-కామర్స్ సైట్లలో అమ్మేవాళ్ళు లోపమున్న సరుకునూ, చెప్పినట్టు లేని సరుకునూ వెనక్కి తీసుకోకుండా తప్పించుకోవడానికి వీల్లేదు. ఆ దారి వదిలేసి, నాలుగు రూపాయలు తగ్గుతాయన్న ఆశతో నేరుగా డబ్బు పంపింది నేనే. ఈ ఉదయం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను.

మీరు ఎవరి దగ్గర కొన్నా, ముందుగా కాపీరైట్ పేజీకీ అట్ట వెనక్కీ ఫొటోలు అడిగి ఐఎస్‌బీఎన్ రెండుచోట్లా ఒకటేనా చూసుకోండి, పార్సెలు విప్పేటప్పుడు వీడియో తీయండి, వచ్చిన రోజే పేజీ నంబర్లు వరసగా తిప్పి చూడండి.

ఈ సెట్టులోని మూడో పుస్తకం మంచి ప్రతి మీలో ఎవరి దగ్గరైనా ఉంటే వారం రోజులకు అరువివ్వగలరా? రానూపోనూ పోస్టు ఖర్చు నాదే. అక్క పుట్టినరోజు వచ్చే నెల 16న.